వాగుకోట వంతెన మీద రెండో దండయాత్ర

మా వాగుకోటలో నాలుగు వందల ఏళ్ళనాటి రాతి వంతెన ఒకటి ఉంది. పదమూడు కమానులు. రెండు చివర్లా రెండు బురుజులు, నడుమ ఒకటి. బురుజు గోడల్లో బాణాలు వెయ్యడానికి నిలువు సందులు, కింద ఏనుగు పట్టేంత దర్వాజాలు. వాగుకు తూర్పున కోటపేట, ఇటు పడమటిపేట. బస్టాండూ ఆసుపత్రీ సినిమా హాలూ కోటపేటలో ఉన్నాయి. ఇటుక బట్టీలూ, మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలా, శ్మశానం పడమటిపేటలో ఉన్నాయి. కాబట్టి బతికున్నంత కాలం మేము తూర్పుకు పోయేవాళ్ళం, పోయాక వాళ్ళు పడమటికి వచ్చేవాళ్ళు. నాలుగు వందల ఏళ్ళు ఈ ఏర్పాటు మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

నేను ఆ బడిలో లెక్కల మాస్టర్ని. ఈ కథ నాది కాదు, మా తెలుగు టీచర్ చంద్రకళ గారిది. నేను పక్కన నడిచానంతే. అదీ కొంచెం వెనకగా.

రెండేళ్ళ కిందట ప్రాచీన సేతు పరిరక్షణ మండలి వారు మా వంతెనను స్వాధీనం చేసుకున్నారు. పరిరక్షణాధికారిగా డాక్టర్ పరాంకుశం గారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. లంచం ముట్టడు, అబద్ధమాడడు, చెప్పులతో వంతెన ఎక్కడు. ఇటువంటి అధికారి రావడం ఊరి అదృష్టమని మేమంతా అనుకున్నాం. లంచం ముట్టని మనిషితో ఎంత ఇబ్బందో మాకప్పటికి అనుభవం లేదు.

మొదట ఆయన లారీలను ఆపించారు. మంచిదే అన్నాం. తర్వాత ఆటోలను, సైకిళ్ళను ఆపించారు. నడక ఆరోగ్యానికి మంచిదన్నాం. వంతెన మీది కరెంటు దీపాలూ, మంచినీళ్ళ కుళాయీ పదిహేడో శతాబ్దంలో లేవని పీకించారు. చీకటి పడకముందే ఇల్లు చేరడం నేర్చుకున్నాం. నడిమి బురుజు మీది గదిలో ఆఫీసు పెట్టుకుని, ఫ్యాను కూడా లేకుండా, ఆయన ఏడాదిపాటు పరిశోధన చేశారు. ఆ పరిశోధన ఫలితాన్ని ఒక ఆదివారం సభ పెట్టి ప్రకటించారు.

"మహాజనులారా! ఈ సేతువునకు బురుజులు ఏల? దర్వాజాలు ఏల? బాణరంధ్రములు ఏల?" అని అడిగారు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నవాటిని ఎందుకని ఎవరు అడుగుతారు? "శత్రువు దాటకుండుటకు! అనగా ఇది దాటించుటకు కట్టిన వంతెన కాదు. దాటనీయకుండుటకు కట్టిన వంతెన. నాలుగు శతాబ్దములుగా మీరు దీనిని దుర్వినియోగము చేయుచున్నారు. అయినను మండలి మిమ్ములను క్షమించినది."

మేము చప్పట్లు కొట్టాం. క్షమించానన్నప్పుడు చప్పట్లు కొట్టకపోతే బాగుండదు కదా.

మర్నాడు రెండు చివర్లా బోర్డులు లేచాయి. "ఇందుమూలముగా సమస్త ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఈ సేతువును సందర్శించవచ్చును. దాటరాదు." తూర్పువాళ్ళు తూర్పునుంచి, పడమటివాళ్ళు పడమటినుంచి నడిమి దర్వాజా దాకా రావచ్చు, చూసి ఆనందించవచ్చు, వచ్చిన దారినే పోవచ్చు. దర్వాజాకు తాళం. తాళం దగ్గర కాపలాకు సైదులు. అతనిది పడమటిపేటే, ఇటుక బట్టీలో పనిచేసేవాడు. మండలి అతని చేతికి ఈటె ఇచ్చి, నెత్తికి తలపాగా చుట్టి, సందర్శకుల పుస్తకం ముందు కూర్చోబెట్టింది. ఆ పుస్తకంలో పేరు, ఊరు, పక్షం అని మూడు గళ్ళు. పక్షం గడిలో తూర్పువాళ్ళు "స్వ" అని, మేము "శత్రు" అని రాయాలి. బురుజుల సందులు పడమటివైపే ఉన్నాయి కనుక శత్రువులం మేమేనని శాస్త్రీయంగా తేలింది.

ఇక వస్తువుల సంగతి. గోడ సందుల్లోంచి పాలప్యాకెట్లు, టిఫిను డబ్బాలు అందించుకోవడం మొదలైంది. మండలి వారు పరిశీలించి, ఆ సందుల గుండా బాణములు తప్ప అన్యవస్తువులు ప్రయాణించినట్టు ఆధారాలు లేవని నిషేధించారు. అప్పుడు పడమటిపేట కూరగాయల ముత్తెమ్మ వాదన పెట్టుకుంది.

"సారూ, మునక్కాయ బాణం లెక్కనే ఉంటది గదా? సూడుండ్రి, పొడుగ్గ, మొన దేలి."

పరాంకుశం గారు మునక్కాయను కొలిచి, తూచి, రెండు రోజులు ఆలోచించి, రూపసామ్యము కలదని ఒప్పుకున్నారు. ఆ తర్వాత మూడు వారాలు కోటపేట మొత్తం మునక్కాయ పులుసే తిన్నది.

శవాలకు మాత్రం చిక్కు రాలేదు. యుద్ధానంతరం మృతదేహాలను ఎదుటి పక్షానికి అప్పగించే ఆచారం ఉన్నట్టు ఆధారం దొరికింది. కోటపేట నుంచి నలుగురు మోసుకొచ్చి దర్వాజా దగ్గర దించితే, ఇటునుంచి మరో నలుగురు అందుకునేవారు. అంటే వాగుకోటలో ఆటంకం లేకుండా వంతెన దాటడానికి ఒకే ఒక్క మార్గం మిగిలింది. దానికి ఎవరూ తొందరపడలేదు.

పడవ వేసుకుందామా అంటే, దృశ్యానికి భంగమని అర కిలోమీటరు దాకా పడవలు నిషేధం. వాగుకు దిగువన ప్రాజెక్టు కట్టినప్పటినుంచి మండువేసవిలో కూడా రెండు నిలువుల నీళ్ళుంటాయి. కాబట్టి కోటపేటకు పోవాలంటే హైవే వంతెన చుట్టు తిరిగి నలభై ఆరు కిలోమీటర్లు.

ఇలా ఉండగా మార్చి నెల వచ్చింది. పదో తరగతి హాల్ టికెట్లు వచ్చాయి. మా పిల్లలు ముప్పై తొమ్మిది మంది. పరీక్షా కేంద్రం కోటపేట బాలికల పాఠశాల. తొమ్మిదిన్నరకు పరీక్ష. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరని హాల్ టికెట్ మీద లావు అక్షరాలతో అచ్చేసి ఉంది.

చంద్రకళ టీచర్ విద్యాశాఖకు రాసింది, బస్సు వెయ్యమని. కేంద్రం బడికి కిలోమీటరు లోపే ఉన్నది కనుక రవాణా సౌకర్యం వర్తించదని జవాబొచ్చింది. కేంద్రం మార్చమంది. కేంద్రం ఇంత దగ్గరగా ఉండగా మార్చవలసిన అవసరమేమిటో వివరించమని ఆమెకే నోటీసొచ్చింది. కలెక్టరాఫీసులో అర్జీ పెడితే అది తగు చర్య నిమిత్తం పరాంకుశం గారికి చేరింది. ఆయన తగు చర్యగా దాన్ని ఫైలులో పెట్టారు. చివరికి తల్లిదండ్రులు ఒక ట్రాక్టరు మాట్లాడితే, ఒక రోజు పిల్లల్ని ఎక్కించి వేళ చూసుకున్నాం. చీకట్లో ఆ దారిన నడపనని డ్రైవరు అన్నాడు. తెల్లారాక ఏడు గంటలకు బయల్దేరితే, దారిలో తవ్వి వదిలేసిన కల్వర్టులు దాటుకుంటూ పోయేసరికి పదకొండయింది. ఇద్దరు పిల్లలు వాంతులు చేసుకున్నారు.

ఆ రోజు సాయంత్రం సైదులు బడికొచ్చాడు. తలపాగా చంకలో పెట్టుకున్నాడు. అతని బిడ్డ నవనీత మా పదో తరగతిలోనే ఉంది, తరగతిలో మొదటి పిల్ల.

"టీచరమ్మా, నా చేతుల్నే తాళం ఉన్నది. నా బిడ్డ పరీచ్చ పోతాంటే నేనే అడ్డం నిలవడాల్నా? పొద్దుగాల సప్పుడు గాకుంట తీస్త, ఉరికిపొండ్రి."

"నీ నౌకరి పోతది, సైదులూ. ఒక్క దినం దొంగతనంగ పోతే మిగతా పేపర్లకు ఎట్ల పోతరు?" అన్నది చంద్రకళ టీచర్. "రేపు నేను సారుతోని మాట్లాడత. లెక్కల సారూ, మీరు గూడ రావాలె."

నాకు మర్నాడు ఒంట్లో బాగుండదేమో అనుకున్నాను గానీ, ఆమె నా మొహంలోకే చూస్తుంటే ఆ మాట నోట్లోంచి రాలేదు.

మర్నాడు నడిమి బురుజెక్కాం. పరాంకుశం గారు ఎంతో మర్యాదగా చాపలు వేయించి, ఇత్తడి చెంబుతో మజ్జిగ ఇచ్చారు.

"మీ బాధ నాకు తెలియనిది కాదమ్మా," అన్నారు. "అయితే నేను నిమిత్తమాత్రుడను. ఈ సేతువు నిర్మాణోద్దేశమును పరిరక్షించుట నా ధర్మము. ఒక్కరిని దాటనిచ్చినను అది వంతెన అయిపోవును."

"ఇప్పుడేమున్నది సార్ మరి?"

"చరిత్ర."

చంద్రకళ టీచర్ కొంగుతో మొహం తుడుచుకుంది. "అయితే నాలుగు వందల ఏండ్లల్ల ఎవ్వరు గూడ దీన్ని ధర్మంగ దాటలేదా సార్?"

ఆయన కళ్ళు మెరిశాయి. చరిత్ర అడిగే మనిషి కోసం ఏడాదిన్నరగా ఎదురు చూస్తున్నట్టున్నారు. లేచి పెట్టె తెరిచి, పట్టుగుడ్డలో చుట్టిన కైఫియతు ఒకటి తీశారు. పాత కరణాలు రాసిపెట్టిన ఊరి చరిత్ర అది.

"ఒకే ఒక్క పర్యాయము. పడమటి దండు వచ్చి జయించి దాటినది. అది ఒక్కటే ఈ సేతువు మీద జరిగిన సక్రమమైన ప్రయాణము."

ఆమె ఆ కాగితాలను ఒళ్ళో పెట్టుకుని గట్టిగా చదివింది. మాకెవరికీ అంతుపట్టని ఆ గొలుసుకట్టు రాతను నీళ్ళు తాగినట్టు చదివింది. "ఆరు గడియల ప్రొద్దెక్కిన వేళ పడమటి దండు డప్పులు వాయించుచు వచ్చి ముమ్మారు దారి అడిగెను. కావలివాడు ముమ్మారు లేదనెను. అంతట కిల్లేదారు బురుజెక్కి చూచి, దండు మిక్కుటమై యుండుట కని, సరే అనెను. తాళములు ఇత్తడి పళ్ళెరమున పెట్టి పంపెను. ఒక్క నెత్తురు బొట్టు రాలలేదు."

చదివి, నా వైపు తిరిగింది. "సారూ, ఆరు గడియలంటే ఎన్ని గంటలయితది?"

గడియకు ఇరవై నాలుగు నిమిషాలు. సూర్యోదయం ఆరున్నరకు పది నిమిషాల ముందు. "ఎనిమిది ముక్కాలు," అన్నాను. ఈ కథలో నేను చేసిన ఘనకార్యం అదొక్కటే.

ఆమె మెల్లగా పరాంకుశం గారి వైపు తిరిగింది. "సార్, మీ మండలి నిబంధనల్ల చారిత్రక ఘట్టాల పునరభినయం చెయ్యొచ్చని ఉన్నది గదా?"

"పన్నెండవ నిబంధన," అన్నారాయన. "కానీ ఏ ఊరి ప్రజలూ ముందుకు రాలేదమ్మా. చరిత్ర మీద ప్రేమ ఎవరికుంది?"

"మాకున్నది సార్. పడమటి దండు తయారుగనే ఉన్నది. ముప్పై తొమ్మిది మంది."

ఆయన ఆమె రెండు చేతులూ పట్టుకున్నంత పని చేశారు. కోటను కాచే అధికారి, కిల్లేదారు వేషం తానే వేస్తానన్నారు. ఆయుధాల సంగతి అడిగారు. డాళ్ళకు బదులు పరీక్ష అట్టలు, బల్లేలకు బదులు స్కేళ్ళు సరిపోతాయని తేలింది. దరఖాస్తు మూడు ప్రతుల్లో రాయించి, "దండయాత్ర ఉద్దేశము" అన్నచోట "సాంస్కృతికము" అని ఆయనే నింపారు.

పరీక్ష నాడు ఎనిమిది ముక్కాలుకు సరిగ్గా మేము వంతెనెక్కాం. ముందు ఇద్దరు డప్పులవాళ్ళు, వెనక చంద్రకళ టీచర్, ఆమె వెనక యూనిఫారాల్లో, అట్టలు గుండెకు అడ్డం పెట్టుకుని పిల్లలు, వాళ్ళ వెనక తల్లిదండ్రులు, అందరికన్నా వెనక నేను. అవతల కోటపేట జనమంతా వచ్చి నిలబడ్డారు. మునక్కాయలు కాకుండా వేరే ఏదైనా వస్తుందేమోనని వాళ్ళ ఆశ.

నడిమి దర్వాజా ముందు సైదులు ఈటె పట్టుకుని నిలబడ్డాడు. చంద్రకళ టీచర్ "దారి ఇయ్యి!" అని అరిచింది.

సైదులు చూపు తన బిడ్డ మీద పడింది. "ఇస్త, పొండ్రి," అన్నాడు.

"కాదు, కాదు!" బురుజు మీదినుంచి పరాంకుశం గారు కేకవేశారు. జరీ తలపాగాతో, నడుముకు పటకాతో ఉన్నారు. "లేదు అనవలెను! ముమ్మారు!"

"లేదు," అన్నాడు సైదులు నేల చూస్తూ.

"రౌద్రము చాలలేదు! మొదటినుంచి!"

మొదటినుంచి డప్పులు కొట్టారు. రెండోసారి కూడా సైదులు లేదన్నాడు. మూడోసారి అనాల్సి వచ్చేసరికి ఈటె దించి బిడ్డనే చూస్తూ నిలబడ్డాడు. తొమ్మిదీ ఐదు అయింది. పిల్లల మొహాలు పాలిపోయాయి. అప్పుడు నవనీత ముందుకొచ్చి, అట్ట దించి, "నాయినా, లేదను. నువ్వంటేనే దాటుతం," అంది.

సైదులు కళ్ళు మూసుకుని, వాగు అవతలికి వినబడేలా "లేదూ!" అని అరిచాడు. కోటపేట జనం ఈలలు వేశారు.

పరాంకుశం గారు తృప్తిగా తల ఊపి, గొంతు సవరించుకుని, చంకలోంచి కాగితాల కట్ట తీశారు. "ఓ పడమటి వీరులారా! విధి బలీయము. నా పితృపితామహులు కాపాడిన ఈ సేతురాజమును..."

తొమ్మిదీ పది. కట్టలో ఇంకా ఎనిమిది కాగితాలున్నాయి. నేను లెక్కపెట్టాను. ఆయన ఒక కాగితానికి తీసుకుంటున్న సమయంతో గుణించాను. చెమట పట్టింది.

చంద్రకళ టీచర్ చెయ్యెత్తింది. "సార్, ఆగుండ్రి. కైఫియతుల కిల్లేదారు ఏమన్నడు?"

"ఏమన్నాడు?" అన్నారాయన అయోమయంగా.

"సరే అన్నడు. అంతకు మించి ఒక్క అక్షరం గూడ లేదు. మీరు చరిత్రను పెంచి చెప్తున్నరు సార్."

తన జన్మలో ఆయన మీద ఇంత పెద్ద నింద ఎవరూ వేసి ఉండరు. చేతిలో కాగితాలు చూసుకున్నారు. ఎన్ని రాత్రులు మేల్కొని రాశారో పాపం. వాటిని మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నారు.

"సరే," అన్నారు.

ఇత్తడి పళ్ళెంలో తాళంచెవులు తాడుతో కిందికి దిగాయి. దర్వాజా తెరుచుకుంది. ముప్పై తొమ్మిది మంది దండు, చరిత్రలో ఏ దండూ పరిగెత్తనంత వేగంగా పరిగెత్తింది. తొమ్మిదీ ఇరవై ఏడుకు చివరి పిల్లవాడు కేంద్రం గేటు దాటాడు.

మధ్యాహ్నం పరీక్ష రాసి, తెలుగు పేపరు సులువుగా వచ్చిందని నవ్వుకుంటూ, పిల్లలు మాతోపాటు ఆకలితో తిరిగొచ్చేసరికి దర్వాజా మళ్ళీ మూసి ఉంది. పరాంకుశం గారు కిల్లేదారు వేషంలోనే గడప మీద నిలబడి ఉన్నారు.

"ఎక్కడికి?" అన్నారు.

"ఇంటికి సార్," అన్నది చంద్రకళ టీచర్.

"అసంభవము. జయించిన దండు వెనుకకు పోలేదు. పన్నెండు సంవత్సరములు కోటపేటను పాలించినది. కైఫియతులో స్పష్టముగా ఉన్నది. చరిత్రను పెంచరాదని మీరే కదా సెలవిచ్చితిరి?"

ఆయన మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే వచ్చిన చిక్కు. ఆయన నిజంగానే అంటున్నారు. పిల్లలు ఎండలో రాళ్ళ మీద చతికిలబడ్డారు. ఒకమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. నేను ఒక పిల్లవాడి అట్ట తీసుకుని మొహానికి అడ్డం పెట్టుకున్నాను. చంద్రకళ టీచర్ కూడా గోడకు ఆనుకుని కూర్చుంది. సైదులు తెచ్చిన నీళ్ళు తాగి, తర్వాత లేచింది.

"సార్, పన్నెండేండ్లు ఎవరు ఏలిండ్రు?"

"పడమటి దండు."

"అంటే గిప్పుడు కోటపేట ఎవరిది?"

ఆయన కొంచెం ఆలోచించారు. "న్యాయముగా... మీది."

"వంతెన?"

"...మీదే."

"పొద్దుగాల పళ్ళెంల పెట్టి తాళాలు మాకిచ్చిండ్రు. మల్ల మీ దగ్గరికి ఎట్ల వచ్చినయి?"

"మీరు కేంద్రమునకు పరుగెత్తుచు గడప మీద పారవేసిపోయినారు. నేను భద్రపరచితిని."

"కైఫియతుల కిల్లేదారు తాళాలు వాపస్ తీసుకున్నడని ఉన్నదా సార్?"

పరాంకుశం గారు బురుజెక్కారు. పావుగంట కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. కిందికి దిగివచ్చేసరికి తలపాగా తీసేసి ఉన్నారు. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో తాళాలు, తాళాల పక్కన అప్పగింత పత్రం మూడు ప్రతులు. అబద్ధమాడని మనిషి అని ముందే చెప్పాను.

"ఆక్రమించినవారి పేరు, హోదా, ఆక్రమణ కొనసాగించుటకు కారణము. పూరించి సంతకము చేయుడు," అన్నారు.

ఆమె రాసింది. కె. చంద్రకళ, తెలుగు పండితురాలు, గ్రేడ్ టూ. కారణం దగ్గర ఒక్క క్షణం ఆగి, "ఎల్లుండి హిందీ పేపరు ఉన్నది" అని రాసింది.

సైదులు ఈటె కిందపెట్టి చేతులు కట్టుకున్నాడు. "టీచరమ్మా, గిప్పుడు నేనెవరి నౌకరి చేస్తున్నట్టు?"

"మాదే. తలుపులు తియ్యి, సైదులూ. మల్ల మూయకు."

మండలి ప్రధాన కార్యాలయం మీద పిడుగు పడింది. అక్రమంగా ప్రవేశించిన వాళ్ళను వెళ్ళగొట్టడానికి వాళ్ళ దగ్గర నిబంధనలున్నాయి. కానీ సక్రమంగా, మూడు ప్రతుల్లో, పన్నెండో నిబంధన కింద దండెత్తి గెలిచినవాళ్ళను ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. ఆరు నెలలు ఉత్తరాలు నడిచాయి. పన్నెండేళ్ళు పూర్తయ్యాక తూర్పుపక్షం తిరిగి జయించుటకు అభ్యంతరం లేదని, అంతవరకు వంతెన శత్రువుల ఆక్రమణలో ఉన్నట్టు రికార్డుల్లో చూపవలెనని ఆదేశం వచ్చింది. కాబట్టి ఇప్పుడు మా వంతెన మీద ఎవరైనా నడవవచ్చు. పిల్లలంతా పాసయ్యారు, ఒక్కడు తప్ప. వాడు లెక్కల్లో పోయాడు, ఆ సంగతి ఇక్కడ అనవసరం.

పరాంకుశం గారికి బదిలీ అయింది. వెళ్ళే రోజు సాయంత్రం ఆయన నడిమి బురుజు దిగి, తూర్పుకు పోవలసినవాడు, అక్కడే నిలబడిపోవడం చూశాం. రెండేళ్ళలో ఆయన ఆ దర్వాజా ఇవతలికి ఒక్కసారి కూడా రాలేదు. తాను పెట్టిన నియమం తనకూ వర్తిస్తుందని రాలేదు. చెప్పులు చేతిలో పట్టుకుని, నీళ్ళలో దిగేవాడిలా ఒక్కొక్క అడుగూ వేస్తూ పడమటివైపు నడిచారు. పడమటి బురుజు దాటి మట్టి మీద కాలుపెట్టి, వెనక్కి తిరిగి వంతెనను చాలాసేపు చూశారు. ఇటునుంచి పొద్దు వెలుగు పడి పదమూడు కమానులూ నీళ్ళలో గుండ్రంగా పూర్తవుతాయి. అటునుంచి అలా కనబడదు.

చంద్రకళ టీచర్ చాయ్ తెప్పించింది. ఆయన గ్లాసు పట్టుకుని, తప్పు చేసిన వాడిలా గొంతు తగ్గించి అన్నారు.

"అమ్మా, కిల్లేదారు ఇటువైపు వచ్చినట్టు చరిత్రలో ఎక్కడా లేదండీ."

"ఇయ్యాల్టి తారీకు ఏసి రాసుకోండ్రి సార్," అన్నది ఆమె.

ఆయన జేబులు తడుముకున్నారు. పెన్ను లేదు. నవనీత ఇచ్చింది.